పానకం పడిన ల్యాప్‌టాప్‌ను బియ్యంలో పెట్టకండి, నీళ్ళతో కడగండి

మీరు రాసింది ఇదీ: శ్రీరామనవమి మధ్యాహ్నం మీ అబ్బాయి చేతిలోంచి గ్లాసుడు పానకం జారి, ఛార్జింగులో ఉన్న ల్యాప్‌టాప్ కీబోర్డు మీద పడింది. స్క్రీన్ రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. ఛార్జర్ పీకేసి, గుడ్డతో తుడిచి, రాత్రంతా బియ్యం డబ్బాలో పెట్టారు. ఇప్పుడు తడి కనబడడం లేదు, రేపు పొద్దున ఆన్ చేయవచ్చా అని అడిగారు. అందులో బాబు పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలు, కాలేజీలో మీరు చెప్పే పాఠాల స్లైడ్లు ఉన్నాయన్నారు.

వద్దండీ. రేపే కాదు, ఎల్లుండి కూడా వద్దు. లోపల కడగకుండా ఆ పవర్ బటన్ మీద వేలు పెట్టకండి. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి. ఛార్జర్ పీకారు గానీ బ్యాటరీ గురించి ఏమీ రాయలేదు. మీది బ్యాటరీ లోపలే ఉండే మోడల్. అంటే నిన్నటి నుంచి మదర్‌బోర్డుకు, అదే చిప్పులన్నీ ఉండే లోపలి పలకకు, కరెంటు అందుతూనే ఉంది. బటన్ నొక్కగానే మెషీన్ లేవాలంటే, ఎవరైనా నొక్కారా అని ఒక సర్క్యూట్ నిరంతరం కనిపెట్టుకుని ఉండాలి కదా. దాని కోసం 3.3 వోల్టులు, 5 వోల్టుల లైన్లు కొన్ని, మనం షట్‌డౌన్ చేసినా మేలుకునే ఉంటాయి. ఆ లైన్ల మీద పానకం ఉంటే లోపల రాగి తినేయడం నిన్న మధ్యాహ్నమే మొదలైంది. కాబట్టి ఈ రాత్రి చేయాల్సిన పని ఒకటే, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. అది ఎలాగో కింద చెబుతాను. కడగడం రేపు చేసినా ఫరవాలేదు.

మాది తెనాలి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో 18 ఏళ్ళుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. ద్రవం పడిన కేసులు వారానికి రెండు మూడన్నా వస్తాయి. వచ్చిన ప్రతివాళ్ళూ "నీళ్ళేనండీ పడ్డాయి" అంటారు. మూత తీస్తే యాలకుల వాసన కొడుతుంది. మీరు పానకం అని ఉన్నదున్నట్టు చెప్పారు. దానివల్ల సగం పని తేలికైంది, ఎందుకంటే ఏం పడిందన్నదాన్ని బట్టి వైద్యం మారుతుంది.

మంచినీళ్ళు పడితే, కరెంటు వెంటనే తీసేస్తే, ఆరాక చాలావరకు తక్కువ నష్టంతో బయటపడవచ్చు. ఉప్పేసిన మజ్జిగా, కొబ్బరినీళ్ళూ మహా చెడ్డవి. వాటిలోని లవణాల వల్ల కరెంటు దండిగా పారుతుంది. కోలా రకం కూల్‌డ్రింకుల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, పీహెచ్ 2.5 దగ్గర్లో. దానికి తోడు ప్రతి 100 మిల్లీలీటర్లకూ 10 గ్రాముల పైన పంచదార. టీలో పాల కొవ్వూ ప్రోటీనూ కలిసి పొరలా పట్టేస్తాయి, నాలుగు రోజులకు కంపు కూడా కొడతాయి. ఇక పానకం. బెల్లమంటే ఒట్టి పంచదార కాదు, దాంట్లో కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు, పొటాషియం లాంటి లవణాలు కూడా ఉంటాయి. కరెంటును మోసేది ఆ లవణాలు. తీపి చేసే ద్రోహం వేరు. అది తడిని వదిలిపెట్టదు.

వంటింట్లో బెల్లం దిమ్మ ఆషాఢంలో ఎలా చెమరుస్తుందో చూసే ఉంటారు. మూతపెట్టిన డబ్బాలో కూడా గాల్లోని తేమను లాక్కుని జిగటగా కారుతుంది. మీ మదర్‌బోర్డు మీద ఇప్పుడు పరుచుకుని ఉన్నది అదే బెల్లం. ఈ ఎండల్లో అది గట్టిపడి తడి లేనట్టే కనబడుతుంది, ఆన్ చేస్తే మెషీన్ పనిచేయవచ్చు కూడా. తొలకరి పడి గాలి తేమెక్కగానే ఆ పొర మళ్ళీ మెత్తబడుతుంది, మళ్ళీ కరెంటుకు దారిస్తుంది. "మూడు నెలలు శుభ్రంగా పనిచేసిందండీ, ఉన్నట్టుండి పోయింది" అని జులైలో వచ్చే ల్యాప్‌టాప్‌ల లోపల నేను చూసేది ఇదే.

బియ్యం సంగతి కూడా అందుకే తేలిపోతుంది. బియ్యం పక్కనున్న తేమను కాస్త పీల్చుకుంటాయేమో గానీ, బోర్డు మీది బెల్లాన్ని తియ్యలేవు. ఫ్యాను కింద పెడితే అంతకంటే బాగా ఆరుతుంది. పైగా తవుడు, నూకలు పోర్టుల్లోకీ ఫ్యాన్ రెక్కల్లోకీ దూరతాయి. తడిసిన ఐఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దు, నలుసులు దూరి పాడుచేయవచ్చు అని యాపిలే తన సహాయ పేజీలో రాసింది. మీరు బియ్యంలోంచి తీసేటప్పుడు బోర్లించి మెల్లగా తట్టండి, ఊదవద్దు.

ఇక అసలు విషయం. తీపి పడిన బోర్డును నీళ్ళతో కడగాలి. ఇది చెబితే జనం నన్ను వింతగా చూస్తారు. నాకూ ఇది ఊరికే తెలియలేదు. కొట్టు పెట్టిన కొత్తల్లో చెరకురసం పడిన ల్యాప్‌టాప్ ఒకటి వచ్చింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. బ్రష్షుతో రెండుసార్లు శుభ్రంగా తోమాను, ఆరబెట్టాను, ఆన్ అయింది, డబ్బులు తీసుకుని ఇచ్చేశాను. వానలు పడ్డాక అదే మెషీన్ చచ్చిపోయి తిరిగొచ్చింది. ఛార్జింగ్ చిప్పు కింద గోధుమరంగు జిగురు, దాని చుట్టూ చిలుం పట్టిన రాగి. నాకు పని నేర్పిన ఉస్తాద్ అది చూసి నవ్వి, చిన్న గ్లాసులో ఐపీఏ పోసి అందులో పటికబెల్లం ముక్క వేశాడు. ఇంకో గ్లాసులో మంచినీళ్ళు పోసి అందులో ఇంకో ముక్క. తెల్లారేసరికి నీళ్ళలోది కరిగిపోయింది. ఐపీఏలోది అంచులు కూడా అరగకుండా అలాగే ఉంది. నేను చేసిన పని తీపిని తియ్యడం కాదు, తోసి తోసి చిప్పుల కిందికి పంపడం.

కాబట్టి వరుస ఇలా. ముందు డిస్టిల్డ్ వాటర్, దానితో తీపి, లవణాలు కరిగి పోతాయి. ఆ తర్వాత ఐపీఏ, అది మిగిలిన నీటిని తనలో కలుపుకుని తొందరగా ఆవిరైపోతుంది. డిస్టిల్డ్ వాటర్ అంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే, బ్యాటరీ కొట్లలో, పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది. కుళాయి నీళ్ళు వద్దు, ముఖ్యంగా బోరు నీళ్ళు. గిన్నెల మీద తెల్లమచ్చలు కట్టే ఉప్పే బోర్డు మీదా కడుతుంది. ఐపీఏ 99 శాతం ఉన్నది ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లో అడగండి. చేతులకు రాసుకునే శానిటైజర్ దానికి బదులు కాదు, అందులో గ్లిజరిన్ లాంటివి ఉంటాయి, అవి బోర్డు మీదే మిగిలిపోతాయి. థిన్నరు, పెట్రోలు, గోళ్ళరంగు తుడిచే ద్రవం ప్లాస్టిక్కును తినేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి తెచ్చినవాళ్ళను కూడా చూశాను, ఆ నూనె వదిలించడానికే నాకు ఒక పూట పట్టింది.

విప్పే ముందు రెండు ప్రశ్నలు. ఇది కాలేజీ వాళ్ళిచ్చిన మెషీనైతే విప్పకండి, వాళ్ళ ఐటీ మనిషికి ఉన్నది ఉన్నట్టు చెప్పి అప్పగించండి. మీ సొంతమైతే, కొన్నప్పుడు 'యాక్సిడెంటల్ డ్యామేజ్' కవరు ఏమన్నా కట్టారేమో బిల్లు చూడండి. మామూలు వారంటీలో ద్రవం పడడం రాదు. ఆ కవరుంటే మాత్రం మనం చెయ్యి పెట్టకుండా కంపెనీకి పంపడమే లాభం. మూడేళ్ళ పాతదన్నారు కాబట్టి రెండూ లేవనే అనుకుని చెబుతున్నాను.

బ్యాటరీ తియ్యడం. మూత మూసి, మెత్తటి దుప్పటి మీద బోర్లా పెట్టండి. అడుగు మూతను మేము డి-ప్యానెల్ అంటాం. దాని స్క్రూలు ప్లస్ గుర్తువి, చిన్న స్క్రూడ్రైవర్ సెట్టు చాలు. కొన్ని మోడళ్ళలో వెనక రబ్బరు కాళ్ళ కింద రెండు దాక్కుని ఉంటాయి. స్క్రూలన్నీ ఒకే పొడుగు ఉండవు. కాగితం మీద అడుగు భాగం బొమ్మ గీసి, తీసినదాన్ని తీసినట్టు ఆ స్థానంలోనే గుచ్చండి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగించి పైన ప్యానెల్‌కు బొడిపె తెప్పించినవాళ్ళు ఎందరో. మూత చుట్టూ క్లిప్పులుంటాయి, పాత ఏటీఎం కార్డు అంచు దూర్చి మెల్లగా జరుపుకుంటూ పోతే టక్ టక్ మని వదులుతాయి. లోపల నల్లటి వెడల్పాటి బిళ్ళ బ్యాటరీ. దాని వైర్లు బోర్డుకు చేరేచోట కనెక్టర్ ఉంటుంది. వైర్లు పట్టి లాగకుండా, గోరుతోనో ప్లాస్టిక్ ముక్కతోనో కనెక్టర్‌ను అటూ ఇటూ కదుపుతూ తియ్యండి. లోహపు పనిముట్టు వద్దు. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, వెచ్చగా తగిలినా, ఘాటైన వాసన వస్తున్నా అక్కడితో ఆగి, దాన్ని ఇంటి బయట రాతి మీదో సిమెంటు మీదో పెట్టి, మెకానిక్కును పిలవండి.

ఈ పనితోపాటే ఎస్ఎస్‌డీని, అంటే మీ ఫైళ్ళన్నీ దాచి ఉండే ముక్కను కూడా తీసేయండి. మీ మోడల్లో అది చూయింగ్ గమ్ ముక్కంత ఉంటుంది, ఒక స్క్రూ తీస్తే ఏటవాలుగా లేచి వస్తుంది. మీకు నిజంగా కావలసింది ఇదే, మిగతాదంతా డబ్బు పెడితే దొరికే సామాను. దాని మీద తడి మరక లేకపోతే కాగితంలో చుట్టి పక్కన పెట్టండి. మరక ఉంటే ఇందాక చెప్పిన వరుసలోనే కడిగి ఆరబెట్టండి. తర్వాత దానికి సరిపడే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో, అంటే యూఎస్‌బీ వైరుతో తగిలించే చిన్న డబ్బాలో పెట్టి ఇంకో కంప్యూటరుకు తగిలిస్తే ఫొటోలు కనబడాలి. అక్కడ 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకండి. విండోస్ బిట్‌లాకర్‌తో తాళం వేసిందన్నమాట. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాచి ఉంటుంది, ఫోన్లోంచి లాగిన్ అయి ముందే రాసిపెట్టుకోండి. పాత మెషీన్లలో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం దాన్ని కడగకూడదు, దానికి గాలి ఆడే సన్నటి రంధ్రం ఉంటుంది.

ఇక్కడి దాకా ఎవరైనా చేయగలరు. దీని తర్వాతది మీ ఓపికను బట్టి. చాలామంది డి-ప్యానెల్ తీసి, టార్చి కొట్టి చూసి, "బోర్డు అద్దంలా ఉందండీ, ఏమీ పడలేదు" అనుకుని మళ్ళీ బిగించేస్తారు. మీకు కనబడేది బోర్డు వీపు. పానకం పడింది పైనున్న కీబోర్డులోంచి, అంటే దాని పొట్ట మీద. బోర్డును బయటికి తీసి తిప్పి చూస్తే గానీ అసలు సంగతి తెలియదు. తియ్యాలంటే ఫ్యాన్, స్పీకర్, టచ్‌ప్యాడ్, స్క్రీన్ కేబుళ్ళన్నీ విప్పాలి. వెడల్పాటి రిబ్బన్ కేబుళ్ళకు చిన్న రెప్పలాంటి తాళం ఉంటుంది, అది ఎత్తకుండా లాగితే సాకెట్టే ఊడొస్తుంది. స్క్రీన్ కేబుల్ సాకెట్టును ప్రత్యేకంగా చూడండి. బ్యాక్‌లైట్‌కు వెళ్ళే లైన్లో మిగతా చోట్ల కంటే ఎక్కువ వోల్టేజి ఉంటుంది, అందుకే తీపి అక్కడ చేరితే పిన్ను మాడిపోవడం చాలాసార్లు చూస్తాం. మీ స్క్రీన్ రెండుసార్లు మినుకుమంది అన్నారు కదా, నా అనుమానం అక్కడే.

బోర్డు బయటికొచ్చాక హీట్‌సింక్, అంటే చిప్పు వేడిని లాగే లోహపు భాగం తీసి, దాని కింది పాత పేస్టు తుడిచి, బోర్డును వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్‌లో గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్లో పదిహేను నిమిషాలు నాననివ్వండి. నాణెం ఆకారంలో ఉండే చిన్న బ్యాటరీని ముందే తీసేయడం మరవద్దు. తర్వాత మెత్తటి టూత్‌బ్రష్షుతో ఒకే దిక్కుగా, గట్టిగా రుద్దకుండా. చిప్పుల అంచుల దగ్గర, సాకెట్ల లోపల, రేకు మూతల కింద నీళ్ళు ధారగా పోయండి. నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్తవి, మళ్ళీ ఇంకోసారి. మూడోసారి నీళ్ళకు రంగూ జిగటా లేకపోతే చాలు. మిరియాల నలుసులు కనబడితే ఆశ్చర్యపోకండి. ఆ తర్వాత నిలువుగా పట్టి నీళ్ళు కారనిచ్చి, ఐపీఏ రెండుసార్లు పోసి కడగండి. ఐపీఏ దగ్గర పొయ్యి, అగరొత్తి, దీపం ఏవీ ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉంచండి. ఫ్యాన్, స్పీకర్లు, స్క్రీన్ నీళ్ళలో ముంచేవి కావు, వాటిని ఐపీఏలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. చివరగా బోర్డును గోడకు ఆనించి ఫ్యాన్ కింద ఒక రోజంతా. ఈ ఎండలో పెడితే తొందరగా ఆరుతుందని డాబా మీద పెట్టకండి. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు, ఆ వేడిగాలి ప్లాస్టిక్ సాకెట్లను వంచుతుంది, నీటిని ఇంకా లోపలికి తోస్తుంది.

ఇదంతా చదివి గుండె జారితే, ఊళ్ళో మెకానిక్కు దగ్గరికే తీసుకెళ్ళండి, తప్పేం లేదు. ఒక్క ప్రశ్న అడగండి: "బోర్డు బయటికి తీసి కడుగుతారా?" అవును, అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉంది అంటే ఇచ్చేయండి. ఆ మెషీన్ మన చెవికి అందని కంపనాలతో, బ్రష్షు దూరని చిప్పుల కింద కూడా మురికిని కదిలిస్తుంది. "బ్లోయర్ కొట్టి ఆరబెడతాం, సాయంత్రానికి తీసుకెళ్ళండి" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. అది డబ్బిచ్చి పెట్టించుకునే బియ్యం డబ్బా. మా దగ్గర విప్పి, కడిగి, బిగించడానికి 1,500 రూపాయల దాకా తీసుకుంటాం, చిప్పు మార్చాల్సి వస్తే ఆ లెక్క వేరు.

కీబోర్డు మీద ఆశ వదులుకోండి. దాని లోపల పలచటి ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి అతికి ఉంటాయి, వాటి మీద అచ్చేసిన గీతలే వైర్లు. ఆ పొరల మధ్యకి పానకం పోయాక కడిగి బాగుచేయడం నా అనుభవంలో అరుదు. మీటలు అంటుకుపోతాయి, లేదా నొక్కకుండానే పడుతుంటాయి. మామూలు మోడళ్ళకు కొత్తది 1,000 నుంచి 2,000 రూపాయల్లో దొరుకుతుంది. కొన్నింటిలో అది పై ప్యానెల్‌కు ప్లాస్టిక్ రివిట్లతో కరిగించి అతికి ఉంటుంది, అప్పుడు ఆ పై ప్యానెల్ (దాన్ని సి-ప్యానెల్ అంటాం) మొత్తం మార్చమంటారు. పాత రివిట్లు తెంపి కొత్త కీబోర్డు కూర్చోబెట్టడం వచ్చిన పనివాడు దొరికితే ఆ ఖర్చు తప్పుతుంది. అప్పటిదాకా యూఎస్‌బీ కీబోర్డుతో నెట్టుకురండి, లోపలి కీబోర్డు రిబ్బన్ మాత్రం ఊడదీసే ఉంచండి. చాలా మోడళ్ళలో పవర్ బటన్ దాని మీదే ఉంటుంది కాబట్టి, కొత్తది వచ్చేదాకా ఆన్ చేయడం కుదరకపోవచ్చు.

ఇదే ఇబ్బంది ఇప్పుడిప్పుడే జరిగి, తడి చేతులతో ఇది చదువుతున్నవాళ్ళు ఉంటే వాళ్ళకో మాట. ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి ఛార్జర్ పీకండి. ఫైలు సేవ్ చేద్దాం, షట్‌డౌన్ నొక్కుదాం అని చూడకండి, పవర్ బటన్‌ను ఆరిపోయేదాకా పది సెకన్లు నొక్కి పట్టండి. నూలు గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. తర్వాత మూతను వీలైనంత వెనక్కి తెరిచి, గుడిసె కప్పులా బోర్లించండి, పడింది పడిన దారినే బయటికి కారాలి. కొన్ని థింక్‌ప్యాడ్‌లకు కీబోర్డు కింద నీళ్ళు పోయే రంధ్రాలుంటాయి, వాటిని ముందు నిటారుగానే ఉంచి అడుగు నుంచి కారనివ్వండి. కొత్త మ్యాక్‌బుక్‌లు మూత తెరిచినా, ఛార్జర్ పెట్టినా వాటంతటవే ఆన్ అవుతాయి. వాటిని ఒకసారి ఆపాక మూత ఎలా ఉన్నది అలాగే వదిలేయండి, చూద్దామని ముట్టుకోకండి. వాటిలో స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి ఎస్ఎస్‌డీ తియ్యడమన్న దారి కూడా లేదు, నేరుగా పనివాడి దగ్గరికే.

మళ్ళీ మీ విషయానికి. కడిగి బిగించాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ముందు బ్యాటరీ పెట్టకండి, మోడల్ ఒప్పుకుంటే ఛార్జర్ ఒక్కదానితో చూడండి. చెయ్యి ప్లగ్గు మీదే ఉంచండి. ఎక్కడైనా చురుక్కుమనే వేడి, కాలిన వాసన, ఛార్జర్ లైటు ఆరి వెలగడం కనబడితే వెంటనే పీకేసి మా లాంటివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. అక్కడ షార్టు ఎక్కడుందో వెతకాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు. మామూలుగా లేచిందా, ముందు ఫొటోలు, స్లైడ్లు ఇంకో డిస్కులోకి ఎక్కించండి. ఎక్కించాకే మిగతా పరీక్షలు. స్క్రీన్ కింది అంచున తెల్లటి మేఘంలా మచ్చ కనబడితే అది తెర పొరల్లోకి పోయిన పానకం, వాడకానికి అడ్డం రాకపోతే వదిలేయండి. ఆ తర్వాత వానాకాలం మొదట్లో, ముసురు పట్టిన రోజున ఛార్జింగ్ ఎక్కడం మానేసినా, దానంతటది ఆరిపోయినా, బోర్డు మీద ఎక్కడో ఒక చుక్క మిగిలిందని అర్థం. అప్పుడు వెంటనే బ్యాటరీ ఊడదీసి, ఇంకోసారి కడిగించండి.